ఛాయాశిల్పము: ఫ్రాన్స్వా విల్లెమ్ ప్రయత్నము, దాని పరిమితులు

మన శిల్పశాస్త్రములలో రూపనిర్మాణమును మూడు తెగలుగా విభజించుట ఆచారము. అన్ని వైపులనుండియు చూడదగినట్లు నిండుగా మలచిన మూర్తి చిత్రము. పలకలోనో గోడలోనో సగము ఇమిడి, సగము మాత్రము వెలికి వచ్చిన మూర్తి అర్ధచిత్రము. గోడమీదను, బట్టమీదను రంగులతో వ్రాసినది చిత్రాభాసము. మానసారము, శిల్పరత్నము మొదలయిన గ్రంథములలో ఈ విభాగము కనబడుచున్నది. నేడు మనము బొమ్మను వ్రాయుటనే చిత్రలేఖన మనుచున్నాము గాని, ఆ శాస్త్రకారుల దృష్టిలో అది చిత్రము కాదు. చిత్రమువలె తోచునది మాత్రమే. తెలుగువాడు ఈ భేదమును అంతగా పాటింపక రెంటిని బొమ్మ యనియే పిలిచెను. కొండపల్లి కొయ్యమూర్తియు బొమ్మయే, గోడమీది రంగుల వ్రాతయు బొమ్మయే. కాని శాస్త్రకారుల విభాగము ఊరక చేసినది కాదు. దాని విలువ ఛాయాచిత్రకళ పుట్టిన తరువాత మరింత స్పష్టమగుచున్నది.

కెమేరా తీసిన బొమ్మ మనిషిని ఎంత నిక్కముగా చూపినను, అది ఒక వైపునుండి, ఒకానొక క్షణమున, బల్లపరపు పలకమీద పడిన వెలుగు మాత్రమే. దాని వెనుకకు పోయి చూచుటకు వీలులేదు. ఆ దృష్టితో చూచినచో ఛాయాచిత్రముకంటె నిక్కమైన చిత్రాభాసము లేదు. అట్టి ఆభాసములను కొన్నింటిని కూర్చి మరల చిత్రమును నిర్మింపవచ్చునా? వెలుగుబొమ్మలనుండి నిండుమూర్తిని రాబట్టవచ్చునా? పందొమ్మిదవ శతాబ్ది నడుమ పారిస్ నగరమున ఫ్రాన్స్వా విల్లెమ్ అను శిల్పి ఈ ప్రశ్న వేసికొని, దానికి తన చేతులతో సమాధానము చెప్పబూనెను. ఆ పద్ధతికి ఫ్రెంచిలో ఫొటోస్కుల్ప్త్యూర్ అని పేరు. దానిని మనము ఛాయాశిల్ప మనవచ్చును. దాని పుట్టుక, పనితీరు, పతనము, అది మిగిల్చిపోయిన ప్రశ్న ఈ వ్యాసమునకు విషయములు.

మూర్తినిర్మాణమున యంత్రసాహాయ్యము పొందుట విల్లెమ్‌తో మొదలు కాలేదు. మట్టితో చేసిన నమూనాను చలువరాతిలోనికి దింపుటకు యూరపు శిల్పులు కొలతకర్రలను, బిందువులు గుర్తించు చట్రములను చిరకాలముగా వాడుచుండిరి. ఆవిరియంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్ తన చివరి యేండ్లలో శిల్పములకు నకళ్లు తీయు యంత్రములతో కాలము గడపెను. 1786 ప్రాంతమున గిల్ లూయీ క్రేత్యాఁ అను ఫ్రెంచివాడు మనిషి ముఖపు పక్కరేఖను యంత్రముతో గీసి, దానిని రాగిరేకు మీదికి చిన్నదిగా దింపు ఉపాయము కనుగొనెను. 1836లో అషిల్ కోలాస్ అనునాతడు ఒక శిల్పమును కావలసిన పరిమాణమునకు కుదించి నకలు చేయు యంత్రమును సిద్ధపరచెను. 1838లో బార్బేదియెన్ అను కంచుపోతల వర్తకుడు అతనితో కలిసి, ప్రాచీన గ్రీకు రోమను మూర్తుల నకళ్లను మధ్యతరగతివారి ఇండ్లకు చేర్చు వ్యాపారమును పెంపొందించెను.

ఈ యంత్రములన్నిటికి ఒక సమానలక్షణము కలదు. అవి నకలు చేయుటకు ముందొక మూర్తియో, కదలక కూర్చున్న మనిషియో కావలెను. యంత్రపు ములుకు ఆ మూర్తిని తాకుచు పోవును. లేదా కన్ను ఆ ముఖపు అంచును వెంబడించును. బ్రతికియున్న మనిషిని నలుదిక్కులనుండి తాకి కొలిచి మూర్తిని చేయుటకు అవి చాలవు. మనిషిని తాకకుండ కొలుచునది ఒక్కటే కలదు, అది వెలుగు.

ఆ వెలుగును పట్టి నిలుపు విద్య 1839లో దాగేర్ పద్ధతి ప్రకటింపబడుటతో లోకమునకు తెలిసినది. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియను పద్ధతిని వెల్లడించెను. గాజుపలకమీద మందు పూసి, అది ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే రసాయనములలో కడుగవలెను. పని కష్టమైనను, స్ఫుటమైన గాజు నెగటివు దొరకుటయు, దానినుండి ఎన్ని ప్రతులైన తీయవచ్చుటయు గొప్ప లాభములు. 1854లో దిస్దేరి అను పారిస్ ఛాయాగ్రాహకుడు ఒకే పలకమీద అనేక చిన్న బొమ్మలు తీయు పద్ధతికి పేటెంటు పొందెను. దానితో కార్డంత బొమ్మలు అగ్గువయై, ప్రతివాడును తన బొమ్మను స్నేహితులకు పంచు కాలము వచ్చెను.

ఇదే కాలమున మన దేశమునందును ఛాయాచిత్రమునకు శిల్పమునకు సంబంధము ఏర్పడుచుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపమున త్రవ్వించి మద్రాసు చేర్చిన సున్నపురాతి శిల్పములను, 1858లో లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి అచటి మ్యూజియమున ఛాయాచిత్రములు తీసెను. మరుసటి యేడు ఆ శిల్పములలో అధికభాగము ఓడమీద లండను చేరెను. అనగా తెలుగుదేశపు శిల్పములు ఛాయాచిత్రములుగా మారుచున్న దినములలోనే, పారిస్‌లో ఒకడు ఛాయాచిత్రములను శిల్పముగా మార్చుటకు ఆలోచించుచుండెను. ఈ రెండు పనులకు పరస్పరసంబంధ మేదియు లేదు. అయినను రెండును ఒకే యుగమునకు కలిగిన ఒకే కోరికనుండి పుట్టినవి. రాతిని కాగితము చేయవలెను, కాగితమును రాయి చేయవలెను. చేతికి అందని రూపమును ఎట్లయినను కదలించి తీసికొనిపోవలెను.

విల్లెమ్ 1830లో జన్మించెను. అతనికి చిత్రలేఖనము, శిల్పము, ఛాయాచిత్రకళ మూడింటియందును ప్రవేశము కలదు. ఈ మూడు విద్యలు ఒక్కచోట కలియుటవలననే అతనికి ఈ ఆలోచన తట్టెనని చెప్పవచ్చును. 1859 ప్రాంతమున పద్ధతిని ఊహించి, 1860లో ఫ్రాన్సునందు పేటెంటు పొందెను. 1861లో ఫ్రెంచి ఛాయాచిత్రసంఘము ఎదుట దానిని వివరించెను. 1864లో అమెరికా దేశపు పేటెంటును సంపాదించెను.

ఆ ఆలోచనయొక్క కీలకమును తెలుగులోని ఒక జంటపదము చక్కగా తెలుపగలదు. మనము ఒకని ఆకారమును వర్ణింపబోవునపుడు రూపురేఖ లందుము. రూపు వేరు, రేఖ వేరు. అయినను రెండును విడదీయరానివి. ఏ వస్తువునైనను ఒక చోటునుండి చూచినపుడు దానికొక అంచురేఖ కనబడును. నాలుగడుగులు పక్కకు జరిగినచో ఆ రేఖ మారును. వస్తువు చుట్టును తిరిగివచ్చినచో రేఖలు వరుసగా ఒకదానిలోనుండి మరియొకటి పుట్టినట్లు తోచును. ఈ రేఖలన్నిటిని పోగుచేసి, ఏ రేఖను ఏ దిక్కునుండి చూచితిమో ఆ దిక్కునకే నిలిపినచో, వాని నడుమ రూపు తనంత తాను ఏర్పడవలెను. విల్లెమ్ చేసినది ఇంతే. రేఖలనుండి రూపును రాబట్టుటకు అతడు బయలుదేరెను.

దీనికై పారిస్‌లో ఎత్వాల్ ప్రాంతమున అతడు ఒక గుండ్రని భవనమును కట్టించెను. పైన గాజుగుమ్మటము, దానిగుండ వెలుగు అన్ని వైపులకు సమముగా దిగును. నడుమ ఒక పీఠము. చుట్టును గోడ వెనుక 24 కెమేరాలు. వృత్తమునకు 360 భాగములు కనుక, కెమేరాకు కెమేరాకు నడుమ 15 భాగముల యెడము. బొమ్మ తీయించుకొనవచ్చినవాడు పీఠమెక్కి తనకు నచ్చిన భంగిమలో నిలుచును. సంజ్ఞ కాగానే 24 కెమేరాలును ఒక్కసారి తెరువబడి, కొద్ది క్షణములకు ఒక్కసారి మూయబడును. ఆ మనిషి దిగి వెళ్లిపోవచ్చును. శిల్పియెదుట గంటలకొలది, దినములకొలది కూర్చుండనక్కరలేదు.

చూచువానికి ఇది ఇంద్రజాలమువలె తోచియుండును. కాని గోడవెనుక జరుగు శ్రమను మనము మరువరాదు. తడి కొలోడియను పద్ధతిలో పలక ఆరకముందే పని ముగియవలెను గదా. 24 పలకలను ఒకే వేళకు పూసి, బొమ్మ తీసి, వెంటనే కడుగుటకు పలువురు నేర్పరులు ఏకకాలమున పనిచేయవలసియుండెను. ఒక పలక చెడినను ఒక దిక్కు లోపించును.

రెండవ ఘట్టము పనిశాలలో జరుగును. ఒక్కొక్క నెగటివునుండి గాజుమీద బొమ్మను తీసి, మాజిక్ లాంతరులో ఉంచి, తెరమీద పెద్దదిగా పడునట్లు చేయుదురు. పనివాడు పాంటోగ్రాఫు ములుకును ఆ వెలుగుబొమ్మ అంచువెంట నడుపును. పాంటోగ్రాఫు అనగా ఒక కొన గీసిన గీతను మరియొక కొన చిన్నదిగానో పెద్దదిగానో గీయునట్లు కూర్చిన కర్రల చట్రము. ఇచట రెండవ కొనకు గీయు ములుకునకు బదులు కోయు పనిముట్టు అమర్చబడును. దాని యెదుట తిరుగుడు పీఠముమీద మట్టిముద్ద యుండును. తెరమీది రేఖ వెంట ములుకు పోవుచుండగా, ఆ రేఖయే మట్టిలో కోతగా దిగును. తరువాత పీఠమును 15 భాగములు త్రిప్పి, రెండవ బొమ్మను లాంతరులో ఉంచి, మరల కోయుదురు. ఇట్లు 24 బొమ్మలు పూర్తియగునప్పటికి మట్టిముద్దలో మనిషి ఆకారము పొడకట్టును. పిమ్మట శిల్పి చేతితో దానిని నునుపుచేసి, ముఖమునకు మెరుగులు దిద్ది పూర్తిచేయును. దానినుండి ప్లాస్టరునందో, కాల్చిన మట్టియందో, కంచునందో కావలసిన ప్రతులు తీయవచ్చును. పాంటోగ్రాఫు కొలతను మార్చి పెద్దది గాని చిన్నది గాని చేయవచ్చును.

ఈ పద్ధతి పారిస్ పెద్దమనుష్యులను ఆకర్షించెను. కవియు కళావిమర్శకుడునైన తెయోఫిల్ గోతియే 1864లో దీనిని మెచ్చి వ్యాసము వ్రాసెను. లండనులో స్థిరపడిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు అంతువాన్ క్లోదే అదే సంవత్సరమున బాత్ నగరమున బ్రిటిష్ విజ్ఞానపరిషత్తు సమావేశమునందు దీనిని గూర్చి ఉపన్యసించి, ఇంగ్లండున ప్రచారమునకు తోడ్పడెను. స్పెయిను రాజకుటుంబమువారి ప్రతిమలును ఈ పద్ధతిని తయారైనవి. 1867లో పారిస్‌లో జరిగిన సార్వజనీన ప్రదర్శనమున ఛాయాశిల్పమునకు ప్రత్యేకస్థానము లభించెను. కాని ఆ ప్రదర్శనము ముగిసిన కొలదికాలమునకే ఆ సంస్థ మూతపడెను. లండనులో క్లోదే 1867 డిసెంబరులో మరణించెను. నెల తిరుగకముందే అతని కళాశాల అగ్నికి ఆహుతి అయ్యెను. విల్లెమ్ 1905 వరకు జీవించినను, అతని పేరు అంతకు చాలముందే జనుల నోట వినబడుట మానెను.

ఇంత తెలివియైన పద్ధతి ఇంత త్వరగా ఏల నశించెను? ధనవిషయము మొదటి కారణముగా తోచును. చిన్న కార్డుబొమ్మ అగ్గువ; పెద్ద శిల్పి చేసిన మూర్తి గౌరవము. ఛాయాశిల్పము ఈ రెంటి నడుమ నిలిచినది. గుమ్మటము, 24 కెమేరాలు, పలువురు నేర్పరులు, చివర మెరుగుదిద్దు శిల్పి, వీరందరి ఖర్చు ఒక చిన్న ప్రతిమపై పడెను. యంత్రమువలన శిల్పి కాలము కొంత తగ్గెను గాని, శిల్పి అవసరము తీరలేదు.

ఆ అవసరము ఏల తీరలేదో విచారించినచో రెండవ కారణము తెలియును. ఇది ధనముకంటె లోతైనది. అంచురేఖ వస్తువుయొక్క ఉబ్బెత్తు భాగములను మాత్రమే చెప్పగలదు. గిన్నెను పక్కనుండి ఎన్ని దిక్కుల చూచినను దాని లోపలి పల్లము అంచురేఖలో కనబడదు. మనిషి ముఖమున కంటిగుంట, చెవిమడత, ముక్కుపుటము, పెదవుల మూలలు, ఇవి అన్నియు గిన్నె లోపలివంటివే. ముక్కు పక్కరేఖలో స్ఫుటముగా పడును. కంటిగుంట ఏ రేఖలోనైనను చాలవరకు ముక్కుచాటునకో నొసటిచాటునకో పోవును. ఇక రేఖకు రేఖకు నడుమనున్న మేర మాటయేమి? తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లనుకొన్నచో 24 రేఖల నడుమ ఒక్కొక్కయెడము రెండు సెంటీమీటర్లకు పైగా నుండును. ఆ యెడములో ఏమున్నదో యంత్రము చెప్పదు. మనిషి ముఖమున అతనిని అతనినిగా చేయు లక్షణములు ఎక్కువగా ఆ పల్లములలోను, ఆ యెడములలోను ఉన్నవి. వానిని శిల్పి తన కంటితో చూచి, తన చేతితో పూరింపవలసివచ్చెను.

ఇచట ఒక విచిత్రమైన విషయము గమనింపదగినది. విల్లెమ్ పద్ధతికి మొదటినుండి తుదివరకు వెలుగే సాధనము. గుమ్మటములోనుండి వెలుగు దిగును. వెలుగు పలకమీద ముద్రపడును. లాంతరువెలుగు దానిని తెరమీదికి తెచ్చును. కాని తెరమీది బొమ్మలో అంచును మాత్రము గ్రహించి, లోపలనున్న వెలుగునీడలను విడిచిపెట్టుట జరిగెను. పల్లమేదో మెట్టయేదో మన కంటికి చెప్పునవి ఆ వెలుగునీడలే. ఛాయాచిత్రమునకు పేరు తెచ్చిన ఛాయయే ఛాయాశిల్పములో లెక్కకు రాలేదు. తోలుబొమ్మలాటలో తెరమీద పడు బొమ్మకు అంచే ప్రాణము. కాని ఆ బొమ్మను తెరవెనుక నడిపించునది ఆటగాని చేయి. విల్లెమ్ యంత్రమున కూడ తెర, దీపము, అంచురేఖ, ఈ మూడును కలవు. నాలుగవదైన చేయి తుదకు తప్పనిసరి అయ్యెను.

ఇది కళయా, యంత్రకర్మయా అను వాదము ఆ దినములలో న్యాయస్థానమునకు కూడ ఎక్కెను. మేయర్, పియర్సన్ అను ఛాయాగ్రాహకులు తమ బొమ్మలను ఇతరులు నకలుచేసి అమ్ముచున్నారని వ్యాజ్యము వేయగా, ఛాయాచిత్రము కళాకృతియైనచోనే చట్టరక్షణ కలుగునను వాదము వచ్చెను. 1862 నవంబరులో ఫ్రెంచి ఉన్నతన్యాయస్థానము ఛాయాగ్రాహకుల పక్షమున తీర్పు నిలిపెను. ఆంగ్ర్ మొదలగు ప్రసిద్ధ చిత్రకారులు ఛాయాచిత్రము కళ కాదని విన్నపము ప్రకటించిరి. చిత్రకారునకు ఛాయాచిత్రము ఎట్లు భయము కలిగించెనో, శిల్పికి ఛాయాశిల్పము అట్లే కలిగించియుండవలెను.

ఈ సందర్భమున మరియొక శిల్పి చరిత్రను పక్కన ఉంచి చూచుట అవసరము. విల్లెమ్ గుమ్మటము పనిచేయుచున్న దినములలో, అదే నగరమున ఓగ్యూస్త్ రొదాఁ అను యువకుడు ఇతర శిల్పులవద్ద కూలికి పనిచేయుచుండెను. ఇరువురకు సంబంధము కలదని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని రొదాఁ తరువాతికాలమున తన పద్ధతిని గూర్చి చెప్పిన మాటలు విల్లెమ్ పద్ధతిని తలపించును. అతడు మనిషిని ఒక పక్కనుండి చూచి ఆ రేఖను మట్టిలో దింపి, మనిషిని మట్టిని రెంటిని కొంచెము త్రిప్పి, రెండవరేఖను దింపి, ఇట్లు చుట్టును తిరిగివచ్చెడివాడు. వరుసరేఖలనుండి రూపును సాధించుటయే ఇరువుర మార్గము. ఒకనికి 24 గాజుకన్నులు, ఒకనికి రెండు మాంసపు కన్నులు.

1877లో రొదాఁ చేసిన కంచుయుగము అను మూర్తి బ్రస్సెల్సునందు, తరువాత పారిస్‌నందు ప్రదర్శింపబడినపుడు అతనిపై ఒక నింద వచ్చెను. మూర్తి అంత సజీవముగా నుండుటచేత, అతడు దానిని మలచలేదనియు, బ్రతికియున్న మనిషి శరీరముమీద అచ్చు తీసి పోతపోసెననియు కొందరు ఆక్షేపించిరి. ఆ నింద పోగొట్టుకొనుటకు రొదాఁ ఆశ్రయించినది ఛాయాచిత్రమునే. మూర్తికి నమూనాగా నిలిచిన ఓగ్యూస్త్ నెయ్ట్ అను బెల్జియం సైనికుని ఛాయాచిత్రములను తీయించి, మనిషికి మూర్తికి గల భేదమును చూడుడని చూపెను. 1880లో ప్రభుత్వము ఆ మూర్తిని కొనెను. విల్లెమ్ చేతిలో ఛాయాచిత్రము మనిషికి మూర్తికి గల సామ్యమును సాధించు పనిముట్టు. రొదాఁ చేతిలో అది వారి భేదమును నిరూపించు సాక్ష్యము. శిల్పము ఎచట మొదలగునో ఈ రెండు ప్రయోజనముల నడుమ మనకు తెలియును. మనిషి చర్మమునకు అచ్చుగా సరిపోవు తావున అది లేదు. శిల్పి ఏ పల్లమును లోతుచేసెనో, ఏ మెట్టను పెంచెనో, అచట అది ఉన్నది.

అట్లని యంత్రమును తిరస్కరించినవానిగా రొదాఁను చిత్రించుట న్యాయము కాదు. తన మూర్తులను పెంచుటకును కుదించుటకును అతడు ఆన్రీ లెబోసె అను నేర్పరిని నియోగించెను. అతడు వాడినది కోలాస్ వంశపు యంత్రమే. మలచుటయందు కన్ను, కొలచుటయందు యంత్రము అని రొదాఁ హద్దు గీసికొనెను. విల్లెమ్ ఆ హద్దును తుడిచివేయజూచి, కడపట మెరుగుదిద్దు గదిలో దానినే మరల గీయవలసినవాడాయెను.

విల్లెమ్ విడిచిపెట్టిన వెలుగునీడలను తరువాత వేరొకరు చేపట్టిరి. ఇటలీ దేశీయుడైన మెదార్దో రొస్సో (1858–1928) మైనముతో చేసిన ముఖములలో అంచురేఖ కరగిపోయి, వెలుగు మాత్రమే మిగులును. మూర్తిని చుట్టుదిరిగి చూడగూడదని, సరియైన వెలుతురులో సరియైన ఒక్క చోటునుండి చూడవలెనని అతని సిద్ధాంతము. అందుచేతనే తన శిల్పములను తానే ఛాయాచిత్రములు తీసి, వానిని కత్తిరించి, దిద్ది, శిల్పములతో సమముగా ప్రకటించెను. విల్లెమ్‌కు వెలుగు విడిచిన రేఖ, రొస్సోకు రేఖ విడిచిన వెలుగు. హంగేరీ దేశీయుడైన లాస్లో మొహోయ్ నాజ్ 1930లో పారిస్ ప్రదర్శనమున ఉంచిన యంత్రశిల్పము మరియొక మెట్టు. లోహపు చట్రములు, చిల్లుల బిళ్లలు, గాజు కలిసి మోటారుచే తిరుగుచుండగా విద్యుద్దీపముల వెలుగు వానిగుండ సాగి గోడలమీద కదలు నీడలు పరచును. ఇచట శిల్పము లోహములో మాత్రము లేదు, గదినిండ నున్నది. అతడు దానిని చలనచిత్రముగా కూడ తీసెను.

విల్లెమ్ గణితము మాత్రము వ్యర్థము కాలేదు. 1974లో బ్రూస్ బామ్‌గార్ట్ అను పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సమర్పించిన సిద్ధాంతగ్రంథమున, వస్తువుయొక్క అనేక అంచురేఖలనుండి దాని రూపును కంప్యూటరుచే కట్టించు విధానమును చూపెను. 1994లో లౌరెంతీని అను ఇటలీ శాస్త్రజ్ఞుడు అంచురేఖలు ఎన్నియున్నను వానినుండి రాబట్టదగిన రూపమునకు ఒక మేర కలదని, కొన్ని పల్లములు దానికి అందవని గణితముగా వివరించెను. విల్లెమ్ మెరుగుదిద్దు శిల్పికి చేతితో తెలిసిన విషయము ఇట్లు శాస్త్రమున కెక్కినది. 1986లో అమెరికాయందు చార్లెస్ హల్ పొందిన పేటెంటు మరింత ఆశ్చర్యకరము. ద్రవమునందు వెలుగు సోకిన తావు గట్టిపడును. అట్లు పొరమీద పొరగా మూర్తి లేచును. వెలుగు అచట రూపమును చూచునది మాత్రము కాదు, చెక్కునది కూడ. 1998, 1999 సంవత్సరములలో స్టాన్‌ఫర్డువారు మికెలాంజెలో చేసిన డేవిడు మూర్తిని లేసరు కిరణములతో అంగుళమంగుళము కొలిచి కంప్యూటరున కెక్కించిరి. నేటి పద్ధతులు అంచుతో తృప్తిపడక, ఉపరితలపు ప్రతి మచ్చను, ప్రతి వెలుగునీడను లెక్కకు తెచ్చుకొనుచున్నవి. విల్లెమ్ తెరమీద విడిచినది నేడు ఏరుకొనబడుచున్నదన్నమాట.

ఈ చరిత్ర మనకు దూరదేశపు వింతగా మాత్రము మిగులరాదు. అమరావతి శిల్పములు నేడు లండనులో కొన్ని, చెన్నపట్టణమున కొన్ని, ఇతరత్ర కొన్నిగా చెదరియున్నవి. ఒకే స్తూపపు అంగములు సముద్రములకు ఆవల, ఈవల నిలిచినవి. వానిని ఒకచోట చేర్చుట నేడు రాతితో కాకున్నను వెలుగుకొలతతో సాధ్యమగుపని. ట్రైప్ 1858లో ఒక వైపునుండి తీసిన దానిని నేడు అన్ని వైపులనుండి తీయవచ్చును. అర్ధచిత్రములైన ఆ పలకలకు అంచురేఖ చాలదు. వాని జీవమంతయు పలకలోపలి పల్లములలో, ఒకదానివెనుక నొకటిగా ఒదిగిన మూర్తుల నీడలలో నున్నది. కావున విల్లెమ్ తప్పిన చోటనే మన శిల్పములను కొలుచువారు మిక్కిలి జాగరూకులై యుండవలెను. ఉలి ఎంత లోతు దిగెనో అంతవరకు కొలత దిగనిచో, మనకు దక్కునది నునుపైన నకలు మాత్రమే.

శాస్త్రకారుల మాటతో ఈ విచారణను సమన్వయించుకొనవచ్చును. చిత్రమునుండి ఆభాసమును తీయుట సులభము. దానికి ఒక చూపు చాలును. ఆభాసములనుండి చిత్రమును తిరిగి పొందుటకు ఇరువదినాలుగు చూపులు చాలవని విల్లెమ్ గుమ్మటము నిరూపించినది. చూపుల సంఖ్య పెరిగినకొలది లోపము తగ్గును. కాని ఏ పల్లము ముఖ్యమో, ఏది కాదో నిర్ణయించు భారము అప్పటికిని చూచువానిమీదనే యుండును. రొదాఁ తన రెండు కన్నులతో మోసినది ఆ భారమునే. విల్లెమ్ దానిని యంత్రమునకు అప్పగింపజూచి, కడపట మెరుగుదిద్దు పనివాని చేతిలో పెట్టెను. ఆ పనివారి పేర్లు ఆ ప్రతిమలతో పాటు మనకు అందలేదు. ఛాయాశిల్పచరిత్ర వ్రాయువారు గుమ్మటముతో, కెమేరాలతో పాటు వారి పనికిని తగిన స్థానము నియ్యవలెనని నా అభిప్రాయము. దీనిని విజ్ఞులు పరిశీలింతురుగాక.